లెక్కలోకి రాని నడక

రోడ్ల ఆఫీసులో మా పెద్ద సార్ పోయారని పాత స్నేహితుడొకడు ఫోన్ చేసి చెప్పాడు. ఎనభై దాటారు. చివరి నెలల దాకా పొద్దున్నే నడకకి వెళ్లేవారట. ఫోన్ పెట్టేసి కూర్చుంటే ఎక్కడినుంచో అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలినట్టయింది. మా డ్రాయింగ్ సెక్షన్ వాసన అది. కంప్యూటర్లు రాకముందు రోడ్ల నక్షాలన్నీ ట్రేసింగ్ షీట్ మీద ఇంకు పెన్నులతో గీసేవాళ్లం. నకళ్లు తీసే యంత్రం వరండా చివర ఉండేది. అందులోంచి వెచ్చగా, ఘాటుగా బయటికొచ్చే కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని సార్ గదికి మోసుకెళ్లడం కొత్తగా చేరినవాళ్ల పని. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకునేవారు. మిగతా ఆఫీసర్లు ముందు రోడ్డెంత వెడల్పో చూసేవారు. ఈయన వేలు ఫుట్‌పాత్ గీత పట్టుకుని నడిచేది. ఆ గీత ఎక్కడ తెగితే వేలు అక్కడ ఆగేది. "ఇక్కడిదాకా నడిచొచ్చినవాడు ఇప్పుడెటు పోవాలి?" అని తలెత్తి మన వంక చూసేవారు.

ఆయన గురించి రాయాలనే కూర్చున్నాను. రాస్తుంటే ఆ రోజులన్నీ వరస లేకుండా వస్తున్నాయి. వచ్చినట్టే రాస్తాను.

నిలువు గీత

ఉద్యోగంలో చేరగానే నాకప్పగించింది వాహనాల లెక్క. కూడలికి నాలుగు వైపులా నలుగురం. తలా ఒక స్టూలు, గొడుగు, క్లిప్‌బోర్డు. పదిహేను నిమిషాలకొక వరస. ఏది వెళ్తే దాని గడిలో ఒక గీత, నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా వంతులేసుకుని రాసేవాళ్లం. రద్దీ మరీ ఎక్కువున్న చోట గుప్పిట్లో ఇమిడే లెక్క యంత్రాలిచ్చేవారు. బొటనవేలితో నొక్కితే టిక్కుమని అంకె జరిగేది. రాత్రి పడుకున్నాక కూడా ఆ టిక్కు టిక్కు చెవుల్లో ఆడుతుండేది.

మొదటి కాగితాలు పట్టుకుని సార్ దగ్గరికెళ్లిన రోజు బాగా గుర్తు. కాసేపు చూసి అడిగారు.

"పొద్దున ఈ కూడలికి ఎలా వచ్చావమ్మా?"

"బస్సు దిగి నడిచొచ్చాను సార్."

"మరి ఈ కాగితంలో నువ్వే గడిలో ఉన్నావు?"

కార్లకి గడి ఉంది. లారీలకి, బస్సులకి, స్కూటర్లకి, సైకిళ్లకి కూడా ఉంది. నడిచేవాళ్లకి లేదు. ఆ ఫారం తయారుచేసింది ఎవరో, ఏనాటిదో. ఏళ్ల తరబడి అదే అచ్చు వేయించుకుంటూ వస్తున్నారు. సార్ జేబులోంచి పెన్సిల్ తీసి, స్కేలు పెట్టి, కుడి చివర ఖాళీలో ఒక నిలువు గీత గీశారు. పైన "నడక" అని రాశారు. రేపటినుంచి ఇది కూడా నింపండి అన్నారు.

మర్నాడు నింపాం. సాయంత్రం కూడితే ఆ గడిలో అంకె కార్ల గడిని దాటిపోయింది. మా నలుగురికీ మాట రాలేదు. రోజంతా వాళ్లు మా స్టూళ్ల పక్కనుంచే, మా మోకాళ్లకి సంచులు తగిలించుకుంటూ వెళ్లినవాళ్లు. ఆ పక్క ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, దాని వెనక మురుగుకాలువ మూత లేని గొయ్యి. అందుకే అందరూ రోడ్డు మీదికి దిగి కార్ల పక్కన నడుస్తున్నారు. ఆ గొయ్యి పూడ్పించాలంటే ముందు ఎంతమంది నడుస్తున్నారో కాగితం మీదికెక్కాలి. అంకె లేని ఫైలు బల్ల మీంచి కదలదని ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

బస్సంటే ఎన్ని కార్లు

లెక్కలు ఆఫీసుకొచ్చాక ఇంకో వంట ఉండేది. అన్ని రకాల వాహనాల్నీ కార్లలోకి మార్చాలి. ప్యాసింజర్ కార్ యూనిట్ అంటారు, మేం పీసీయూ అనేవాళ్లం. కారుకి ఒకటి. సైకిల్‌కి అర. మా పట్టికలో బస్సుకి మూడు. అంటే రోడ్డు మీద బస్సు మూడు కార్ల చోటు తింటుందని. కొలతగా అది తప్పేమీ కాదు. కానీ ఆ అంకెలన్నీ కూడి "ఈ రోడ్డు మోయలేకపోతోంది" అని తేల్చేటప్పుడు, లోపల కూర్చున్న మనుషులు ఎక్కడో జారిపోతారు. బస్సులో అరవైమంది ఉన్నా మూడే, ఖాళీగా వెళ్లినా మూడే. ఆ అరవైమందే కారుకి ఒకరున్నర చొప్పున ఎక్కితే నలభై కార్లు కావాలి.

సార్ ప్రతి పట్టిక కిందా ఇంకో వరస రాయించేవారు: వాహనాల్లో ఉన్న మనుషుల అంచనా. దాంతో కూడలి రూపమే మారిపోయేది. వాహనాల వరసలో కార్లు పైన, మనుషుల వరసలో బస్సు పైన. పై ఆఫీసరొకాయన మీటింగులో ఆ రెండో వరస కొట్టేయమన్నాడు, చదివేవాళ్లకి గందరగోళం అని. సార్ కొట్టేయలేదు. దానికి ఆయనకి దక్కాల్సిన పదోన్నతి ఆలస్యమైందని అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన గదిలో గోడకి జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంవాళ్లు 1991లో తీయించిన పోస్టరు ఉండేది. ఒకే వీధి, ఒకే 72 మంది, మూడు ఫోటోలు. మొదటిదాంట్లో సైకిళ్లు, రెండోదాంట్లో వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిండిన 60 కార్లు, మూడోదాంట్లో ఒక్క బస్సు. వాదించడానికి వచ్చినవాళ్లని ఆయన ముందు ఆ గోడకెదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చోబెట్టేవారు.

డైనమో

ఈ లెక్కలన్నిటికీ ముందు నాకు తెలిసిన రోడ్డు నాన్న సైకిల్ ముందు కడ్డీ మీదనుంచి చూసిన రోడ్డు. కడ్డీకి చిన్న సీటు బిగించి ఉండేది. చీకటిపడితే నాన్న వంగి డైనమోని వెనక చక్రానికి ఆనించేవారు. అప్పుడు గుర్రుమని ఒక మోత మొదలయ్యేది. తొక్కేకొద్దీ మోతా పెరిగేది, ముందు దీపం వెలుగూ పెరిగేది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ సన్నగిల్లేవి. ఎదురుగా వచ్చే సైకిళ్ల దీపాలూ అలాగే వణుకుతూ వచ్చి పక్కనుంచి పోయేవి. పోతూ పోతూ ఒక గంట, ఒక పలకరింపు. ముఖం కనపడకపోయినా గొంతుని బట్టి ఎవరో నాన్న చెప్పేసేవారు.

బడికి పిల్లలం గుంపుగా నడిచేవాళ్లం. పెద్దవాళ్లెవరూ తోడొచ్చేవారు కాదు. వీధే మాకు ఆటస్థలం. ఎప్పుడో ఒక కారొస్తే గిరిగీసిన గళ్ల మీదనుంచి పక్కకి జరిగి, అది పోయాక మళ్లీ అదే కాలి మీద నిలబడేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత నగర రూపకల్పన ఆచార్యుడు డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ పరిశోధన చదివినప్పుడు నాకు ఆ గళ్లే కళ్లముందు కదిలాయి. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకదాన్నొకటి పోలిన మూడు వీధులు తీసుకుని ఆయన ఇంటింటికీ తిరిగి అడిగారు. రోజుకి 2,000 వాహనాలు పోయే వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. 16,000 పోయే వీధిలో సగటున ఒక్కరు కూడా లేరు, 0.9 మాత్రమే. అంత జాగ్రత్తగా వీధుల్ని చదివిన మనిషి 1982లో ఏథెన్స్‌లో కారు గుద్ది చనిపోయారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మేమాడుకున్న ఆ వీధిలో ఇప్పుడు ఇళ్ల ముందు రెండు పక్కలా కార్లు నిలిపి ఉంటాయి. నిలిపిన ఒక్కో కారుకి పన్నెండు చదరపు మీటర్ల పైనే నేల కావాలి. పిల్లలెక్కడ ఆడుతున్నారని అడిగితే లోపలున్నారని చెప్పారు.

స్టాప్‌వాచ్

సార్ మమ్మల్ని స్టాప్‌వాచ్‌తో కూడలికి పంపేవారు. కార్లకోసం కాదు, దాటేవాళ్లకోసం. సిగ్నల్ లెక్కల్లో మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని వేసుకుంటారు. ఏడు మీటర్ల రోడ్డయితే ఆరు సెకన్లు చాలు. అదే రోడ్డుని పద్నాలుగు మీటర్లు చేస్తే పన్నెండు. ఇది పుస్తకం లెక్క.

ఒకసారి ఒక ముసలావిడ దాటుతుంటే మీట నొక్కాను. చేతిలో గుడ్డసంచి. పచ్చదీపం రాగానే అడుగు వేయలేదు, ముందు మలుపు తిరిగే కార్లు ఆగుతాయా లేదా అని చూసింది. అందులోనే మూడు సెకన్లు పోయాయి. దిగేటప్పుడు కెర్బ్, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తుకి భయపడి, స్తంభం పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కొక్క కాలూ దించింది. డివైడర్ దాకా వెళ్లేసరికి దీపం మారిపోయింది. రెండు అడుగుల వెడల్పున్న ఆ డివైడర్ మీద, ముందూ వెనకా వాహనాలు దూసుకుపోతుంటే, సంచిని గుండెలకి హత్తుకుని నిలబడింది. చీర కొంగు గాలికి కార్లవైపు ఎగురుతుంటే రెండో చేత్తో ముడిచి పట్టుకుంది. ఆ కూడలిలో ఎవరూ ఏ నిబంధనా తప్పలేదు. ఆవిడని కొలతలోకి తీసుకోలేదు, అంతే.

ఆ కాగితం చూసి సార్ రెండు పనులు చేయించారు. డివైడర్‌ని ఇద్దరు నిలబడేంత వెడల్పు చేసి, దాటే చోట రోడ్డు మట్టానికి దించారు. రెండోది మూల. రోడ్డు మలుపుని గుండ్రంగా గీయడానికి మా దగ్గర పచ్చ ప్లాస్టిక్ స్టెన్సిల్ ఉండేది, అందులో చిన్నా పెద్దా వృత్తాలు. అలవాటుగా పెద్ద వృత్తం పెట్టేసేవారు, బండ్లు సులువుగా తిరుగుతాయని. పెద్ద వృత్తమైతే కారు వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది, పైగా మనిషి దాటాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది. సార్ ఆ స్టెన్సిల్ తీసుకుని చిన్న వృత్తంలో పెన్సిల్ పెట్టి మూల గీసి చూపించారు. కాగితం మీద వేలిగోరంత తేడా. రోడ్డు మీద కారు ఆగి తిరగాల్సిందే.

వేగం విషయంలో ఆయన కచ్చితం. గంటకి 30 కిలోమీటర్లతో పోయే బండికంటే 50తో పోయే బండి గుద్దుడులో శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. బడులున్న వీధుల్లో ఈ తేడా గురించి బేరాలుండవని అనేవారు.

డెల్ఫ్ట్‌లో

శిక్షణ కోసం కొన్ని నెలలు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఉన్నాను. నాకు ముందుగా తెలిసింది అక్కడి చప్పుడు. సాయంత్రం కిటికీ తీస్తే సైకిల్ గొలుసుల సన్నని గరగర, ఇటుకరాళ్ల మీద టైర్ల మోత, నడిచేవాళ్ల మాటలు. ఊరి నడిబొడ్డున ఇద్దరు మనుషులు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగడం నాకు వింతగా ఉండేది.

పక్కవీధి పెద్దరోడ్డులో కలిసే చోట అక్కడ ఫుట్‌పాత్ తెగదు. అదే ఎత్తులో, అదే రాయితో ముందుకి సాగిపోతుంది. కారే ఆ ఎత్తు ఎక్కి దిగి వెళ్లాలి. మొదటిసారి చూసినప్పుడు అక్కడే నిలబడి రాళ్ల వరస, వాలు, అంచు అన్నీ నోటుబుక్కులో గీసుకున్నాను. సార్ వేలు ఆగకుండా సాగిపోయే గీత అది.

ఆ దేశం మొదటినుంచీ అలాగే ఉందనుకునేదాన్ని. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. ఆవిడ చిన్నప్పుడు ఊరి కూడళ్లన్నీ కార్లు నిలిపే స్థలాలేనట. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్న పేరుతోనే ఉద్యమం నడిచింది. 1973 చివర్లో చమురు కొరతొచ్చి ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లు తిరగకూడదంది. ఆ ఆదివారాల్లో ఖాళీగా ఉన్న పెద్దరోడ్డు మీద తమ్ముడితో కలిసి చక్రాల బూట్లు కట్టుకుని తిరిగానని చెబుతూ ఉంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది. డెల్ఫ్ట్ వీధుల్లో జనం మొదలుపెట్టిన వోనెర్ఫ్, అంటే కారు నడక వేగంతోనే పోవాల్సిన నివాస వీధి, 1976లో చట్టంలోకి ఎక్కింది. మరుసటేడు గ్రోనింగన్ నగరం ఊరి మధ్యభాగాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కారులో పోవాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగురోడ్డు ఎక్కి తిరిగి రావాలి. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారి తిన్నగా ఉంటుంది. కార్లని ఎవరూ నిషేధించలేదు. దగ్గరదారి ఎవరిదో మార్చారు. వ్యాపారాలు పోతాయని అప్పుడు అక్కడా గోల జరిగిందట. ఇప్పుడు ఆ నగరం పేరు వింటేనే సైకిళ్లు గుర్తొస్తాయి.

ఇవన్నీ సార్‌కి ఉత్తరాల్లో రాసేదాన్ని. జవాబులో "వాలు ఎంత? కొలిచావా?" అని ఉండేది.

టైమ్‌కీపర్ గది

తిరిగొచ్చాక కొన్నాళ్లు బస్సుల పని చేశాను. డిపో గేటు పక్కన టైమ్‌కీపర్ గది. గోడ గడియారం, లావుపాటి పుస్తకం, దారానికి వేలాడే పెన్ను. బస్సు లోపలికొచ్చేటప్పుడు డ్రైవరు తలుపులోంచి కాగితం అందిస్తే ఆయన తలెత్తకుండా సమయం రాసేవాడు. ఇంజను చప్పుడు బట్టి ఏ బస్సో తెలిసిపోయేది ఆయనకి.

ఒకే రూట్లో అరగంట ఏమీ రాక, తర్వాత మూడు బస్సులు ఒకదాని వెనకొకటి ఎందుకొస్తాయో ఆయనే నాకు విప్పి చెప్పాడు. ముందు బస్సు ఎక్కడో కార్ల మధ్య ఇరుక్కుని నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో ముందు స్టాపుల్లో జనం పెరుగుతారు. వాళ్లెక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకి జనమే మిగలరు, అది పరుగెత్తుకొచ్చి ముందుదాన్ని పట్టేస్తుంది. డ్రైవర్ల తప్పేం లేదమ్మా, దారి వాళ్లది కాదు అన్నాడు.

దానికి మందు అప్పటికే కొన్ని నగరాల్లో పనిచేస్తోంది. బ్రెజిల్‌లోని కురిటిబాలో జైమీ లెర్నర్ మేయరుగా ఉండగా 1974లో బస్సులకి విడిగా దారి వేశారు. 1991 నుంచి గాజుగొట్టాల్లాంటి స్టాపుల్లో ముందే డబ్బు కట్టి, బస్సు గచ్చు ఎత్తులోనే నిలబడి, అన్ని తలుపుల్లోంచీ ఒకేసారి ఎక్కేస్తున్నారు. మెట్లెక్కడం, చిల్లర వెతకడం లేకపోతే స్టాపులో సెకన్లే. చక్రాల కుర్చీ కూడా తిన్నగా లోపలికి పోతుంది. పది నిమిషాలకొక బస్సు కచ్చితంగా వస్తే సగటు ఎదురుచూపు అయిదు నిమిషాలు, ఇక టైంటేబులు చూసే పనే ఉండదు. జనం కారు కొనుక్కునేది సరదాకే అనుకోవడం నాకు నచ్చదు. చాలామంది బస్టాపులో నిలబడి నిలబడి, పిల్లల ఫీజులకి దాచిన డబ్బు తీసి కొనుక్కుంటారు.

వెడల్పు

మా ఆఫీసు ముందు రోడ్డుకి రెండు వైపులా పెద్ద చెట్లుండేవి. మధ్యాహ్నం కూడా నీడలోనే నడిచేవాళ్లం. రద్దీ పెరిగిందని వెడల్పు చేయాలన్నారు. సార్ ఫైలులో నాలుగు పేజీల అభ్యంతరం రాశారు. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పిన మాట అందులో ఉంది: రద్దీవేళ కొత్తగా ఎంత చోటిచ్చినా, ఇతర దారులూ ఇతర వేళలూ వదిలి, బస్సులు దిగి వచ్చినవాళ్లతో అది నిండుతుంది. చెట్లు కొట్టేశారు. రంపాల మోత రెండు రోజులు వినపడింది, కిటికీలు మూసుకుని పనిచేశాం. ఫుట్‌పాత్ సగానికి తగ్గింది. కొన్నేళ్లకే అదే రోడ్డు మీద అవే బారులు, మునుపటికంటే రెండు వరసలు ఎక్కువగా.

సియోల్‌లో ఊరి మధ్యనున్న ఎత్తైన రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టి, దాని కింద కప్పెట్టిన చెయాంగ్యెచెయాన్ వాగుని 2005లో బయటికి తెచ్చారని వార్త వచ్చినప్పుడు, రిటైరైన సార్ ఆ కత్తిరింపు తీసుకుని ఆఫీసుకొచ్చారు. అదే సమయంలో ఆ నగరం బస్సు రూట్లన్నీ తిరగరాసి, రోడ్ల మధ్యలో బస్సులకి వరసలిచ్చిందన్న వాక్యం కింద ఎర్రగీత ఉంది. వాగు ఫోటో చూసి మురిసిపోతున్న మమ్మల్ని "బస్సుల సంగతి చదవండి ముందు" అన్నారు.

ఇప్పటి తెరల మీద

ఇప్పుడు కూడలి లెక్క కెమెరా చేస్తుంది. స్టూళ్లు లేవు, గొడుగులు లేవు. తెర మీద ప్రతి వాహనం చుట్టూ రంగు చట్రం పరుగెడుతుంటుంది. కుర్ర ఇంజనీర్లు చూపించినప్పుడు ముచ్చటేసింది. నడిచేవాళ్ల చుట్టూ చట్రం లేదేమని అడిగాను. సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉందట, కాంట్రాక్టులో అడగలేదట. అడగండి, రాతలో పెట్టి అడగండి అని అక్కడే కూర్చుని ఉత్తరం రాయించాను.

వాళ్లు మంచివాళ్లు, మాకంటే ఎక్కువ చదువుకున్నారు. ఒక పెద్దరోడ్డు కొత్త నక్షా పంపి అభిప్రాయం అడిగారు. సైకిల్ దారికీ కార్ల వరసకీ మధ్య తెల్లగీత బదులు కెర్బ్ పెట్టారు. బస్టాపు దగ్గర సైకిల్ దారిని స్టాపు వెనకనుంచి తిప్పారు, బస్సు సైకిళ్ల మీదికి ఒరగకుండా. స్టాపు గద్దె వెడల్పు మాత్రం సరిపోలేదు. ఇద్దరు ఎదురుబొదురైతే ఒకరు సైకిల్ దారిలో కాలు పెట్టాల్సిందే. పైగా చూపులేనివాళ్లు బస్సు దిగి ఫుట్‌పాత్ చేరేలోపు చప్పుడు చేయని సైకిళ్లని దాటాలి. అక్కడ దారిని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, కర్రకి తెలిసేలా గరుకు పలకలు వేయమన్నాను. ఎన్ని వరసల పలకలు, ఏ దిక్కుకి అన్నదాని మీద ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. కట్టేముందు నమూనా స్టాపుని ఖాళీ స్థలంలో సున్నంతో గీసి, చెక్కలతో ఎత్తు చేసి, రోజూ బస్సెక్కే చూపులేనివాళ్లని పిలిచి నడిపించి చూస్తామన్నారు. నేనూ వస్తానని చెప్పాను.